పిడికెడు తుపాకీ

మన ఆయుధ చట్టంలో ఒక అంకె ఉంది: 20 అంగుళాలు. ఆత్మరక్షణకో, క్రీడకో నున్నటి గొట్టం ఉన్న తుపాకీ కావాలని పౌరుడు అడిగితే, ఆ గొట్టం 20 అంగుళాలకు తగ్గనిదైతే, కాదనడానికి కారణం లేనప్పుడు అధికారి లైసెన్సు ఇవ్వాలని 1959 నాటి చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. పంట కాపలా కోసం మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీకీ అదే నియమం. పిస్తోళ్లతో, రివాల్వర్లతో సహా మిగతావాటికి మాట తిరగబడుతుంది. అడిగినవాడి దగ్గర సరైన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదిరితేనే లైసెన్సు. పొడుగు తుపాకీ విషయంలో ఎందుకివ్వకూడదో అధికారి చెప్పాలి, పొట్టి తుపాకీ విషయంలో ఎందుకివ్వాలో అడిగినవాడు చెప్పుకోవాలి. గొట్టం పొడుగుకీ మనిషి నమ్మకానికీ ఏమిటీ సంబంధం? ఇది పాత దొరల చాదస్తమా, లేక ఆ అంగుళాల్లో లెక్కకు అందే సంగతేమైనా ఉందా? తుపాకుల్లో బాగా పొట్టిదైన డెరింజర్‌ను పట్టుకుని చూస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. దాని గొట్టం సుమారు 3 అంగుళాలే.

ముందు పొడుగు తుపాకీ సంగతి. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో తుపాకీ ఊహ ఇప్పటికీ పంటతోనే ముడిపడి ఉంది. చీకటి పడితే అడవి పందులు వేరుశనగ చేలో దిగుతాయి, ఏనుగులు చెరకు తోటలోకి వస్తాయి. ఏనుగును చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం, కాబట్టి అక్కడ తుపాకీకి ఉండదగిన పని చప్పుడు చేయడమే. టపాకాయ, డప్పు, కిరోసిన్ డబ్బా మోత చేసే పనే అదీ చేస్తుంది. లైసెన్సు లేని నాటు తుపాకుల గొడవ వేరే ఉంది, అది పోలీసులకూ అటవీ శాఖకూ తెగని తలనొప్పి. కానీ ఒక లక్షణం గమనించాలి. మనిషి భుజం ఎత్తున్న తుపాకీ ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలుసు. దాన్ని పంచె మడతలో దాచుకుని తిరణాలకు వెళ్లలేరు. కోపం వచ్చిన అరనిమిషంలో అది చేతికి రాదు. డెరింజర్ ఈ ప్రతి విషయంలోనూ దానికి ఎదురుగా నిలబడుతుంది.

దీని పుట్టుక ఫిలడెల్ఫియాలో. హెన్రీ డెరింజర్ అనే తుపాకీ పనివాడు 19వ శతాబ్ది మధ్యలో జేబులో ఇమిడే ఒంటి తూటా పిస్తోళ్లకు పేరు పడ్డాడు. గిరాకీ చూసి చాలామంది నకళ్లు తీశారు. ఆయన ఇంటిపేరు ఇంగ్లిషు స్పెల్లింగు మధ్యలో ‘ర’ అక్షరం ఒక్కటే. నకళ్ల పుణ్యమా అని అది రెండై, ఆ తప్పు స్పెల్లింగే ఈ జాతి మొత్తానికి పేరుగా స్థిరపడింది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్లో జాన్ విల్క్స్ బూత్ అబ్రహాం లింకన్‌ను కాల్చింది ఇలాంటి దానితోనే. మొత్తం పొడవు ఆరంగుళాల లోపు, బరువు పావు కిలోకి తక్కువ. ఈ కథలో అందరూ గుర్తుంచుకునేది ఆ ఒక్క తూటాని. ఆ తర్వాతి క్షణం ఇంకా ఎక్కువ చెబుతుంది. పక్కనే ఉన్న మేజర్ రాత్‌బోన్ మీద పడగానే బూత్ పిస్తోలు కింద పారేసి కత్తి తీశాడు. ఒక్కసారి పేలాక ఆ పిస్తోలు ఇనపముక్కతో సమానమని వాడికి ముందే తెలుసు, అందుకే కత్తి కూడా తెచ్చుకున్నాడు. వెనకనుంచి చాటుగా వచ్చి, చేయి చాపితే తగిలేంత దగ్గరలో, ఏమీ ఎరగని మనిషి మీద ప్రయోగించేవాడికి ఆ పిస్తోలు సరిగ్గా పనికొచ్చింది. అదే గదిలో, హఠాత్తుగా వచ్చిన ప్రమాదం నుంచి తమను కాపాడుకోవాల్సినవాళ్లకు అది ఎంతవరకు పనికొచ్చేదన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు రేఖాగణితంలో ఉంది. గురి చూసేటప్పుడు గొట్టం వెనక ఉన్న గాడినీ, ముందున్న మొననూ ఒక వరసలోకి తెస్తాం. ఈ రెంటి మధ్య దూరం డెరింజర్లో సుమారు 7 సెంటీమీటర్లు. గాడికి మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం, అంటే రూపాయి బిళ్ల మందమంత కూడా కాదు. 7 మీటర్ల దూరంలో, అంటే గదికి ఆ చివర వరండాలో నిలబడ్డ మనిషి దగ్గరికి వెళ్లేసరికి ఆ మిల్లీమీటరు వంద రెట్లు పెరిగి 10 సెంటీమీటర్లవుతుంది. 20 అంగుళాల గొట్టం మీద అదే మిల్లీమీటరు తప్పు, అదే దూరంలో, సుమారు సెంటీమీటరున్నర దగ్గర ఆగిపోతుంది. పైగా చాలా పాత డెరింజర్లకు గురి చూసే ఏర్పాటు నామమాత్రం, ఇక భయంతో వణికే చేయి ఒక మిల్లీమీటరుతో సరిపెట్టుకోదు. ఎదుటివాడి చెవి పక్కనుంచి పోయిన గుండు గాలిలో ఆవిరైపోదు కదా. రద్దీ వీధిలో అది ఎవరికైనా తగలవచ్చు.

రెండో జవాబు న్యూటన్ చెప్పింది. గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో, తుపాకీ వెనక్కి అంతే ద్రవ్యవేగంతో తన్నుతుంది. 400 గ్రాముల ఆధునిక అమెరికన్ డెరింజర్లో 10 గ్రాముల గుండు సెకనుకు 230 మీటర్ల వేగంతో బయటికి వస్తే, మందు బరువు లెక్క వదిలేసినా, పిస్తోలు సెకనుకు ఆరు మీటర్ల దాకా వేగంతో అరచేతిని కొడుతుంది. అదే తూటా కిలో బరువున్న రివాల్వర్లో పేలితే ఆ వేగం 2.3 మీటర్లే. శక్తి లెక్కన చూస్తే చిన్నది పెద్దదానికన్నా రెండున్నర రెట్లు గట్టిగా తన్నుతుంది. పట్టుకోవడానికి మాత్రం దానికి పిడి రెండు వేళ్లంత. అందుకే మొదటి తూటా పేలాక పిస్తోలు చేతిలో తిరిగిపోతుంది. రెండో గొట్టం ఉన్నా, మళ్లీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగి, మళ్లీ పట్టు సరిచేసుకుని, మళ్లీ గురి చూసేదాకా ఎదుటివాడు ఆగాలి. తన్ను తగ్గించాలంటే తూటా బలం తగ్గించాలి. 1866 నుంచి 1935 దాకా లక్షన్నర వరకు తయారైన రెమింగ్టన్ రెండు గొట్టాల డెరింజర్ ఆ దారి పట్టింది. ఎనిమిది గ్రాముల పైచిలుకు గుండు, సెకనుకు సుమారు 130 మీటర్ల వేగం, శక్తి 70 జౌళ్లు. మన 2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకీకి పెట్టిన హద్దు 20 జౌళ్లు, ఈ డెరింజర్ శక్తి దానికి మూడున్నర రెట్లు. ప్రాణం తీయడానికి అది చాలు. మీదికి దూకుతున్నవాణ్ని ఉన్నచోటే ఆపడానికి చాలుతుందన్న భరోసా మాత్రం లేదు. ఈ రెండూ ఒకటేననుకోవడం సినిమా మనకు నేర్పిన పొరపాటు.

మూడోది తయారీకి సంబంధించిన సంగతి. జేబులో తట్టుకోకుండా ఉండాలని పాత నమూనాల్లో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కాపు తీసేశారు. సుత్తి వచ్చి సూది మీద ఆనుకుని ఉండే రకాల్లో, తూటా ఉన్న పిస్తోలు జేబు జారి గచ్చు మీద సుత్తి వైపు పడితే దానంతటదే పేలవచ్చు. సుత్తిని సగం ఎత్తి నిలిపితే కొంత నయం, అయితే ఆ గాడి అరిగిందా లేదా అన్నది బయటికి కనబడదు. కొత్త నమూనాల్లో అడ్డుపుల్లలు పెట్టారు, నిజమే. పెట్టిన ప్రతి అడ్డూ అవసరమైన క్షణంలో తీయాల్సిన మరో మెలిక.

ఇంతకీ దీనికి మంచి లక్షణాలే లేవా అంటే, ఉన్నాయి. కదిలే భాగాలు తక్కువ కాబట్టి చెడిపోవడం తక్కువ. తూటా అడ్డం పడి ఇరుక్కుపోవడమనే ఆటోమేటిక్ పిస్తోళ్ల రోగం దీనికి లేదు. గొట్టం మడిచి చూస్తే లోపల తూటా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది, ఇది నిజంగా గొప్ప సుగుణం. బరువు మోయక్కర్లేదు. పెద్ద తుపాకీ బరువని ఇంట్లో వదిలేసి వెళ్లేవాడి కన్నా, చిన్నది ఒంటి మీద ఉన్నవాడే నయమని దీన్ని మెచ్చేవాళ్లు అంటారు. ఆ వాదనలో పస ఉంది. మన దేశంలో విదేశీ పిస్తోళ్ల దిగుమతి మామూలు పౌరులకు 1980ల నుంచే మూతపడింది కనుక, ఇక్కడ డెరింజర్ అనే సరుకు దాదాపు లేదు. దాని ఊహ మాత్రం వేరే రూపంలో వచ్చింది. 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ పేరుతో అరకిలో బరువున్న .32 రివాల్వర్‌ను మహిళల కోసమంటూ విడుదల చేసింది. అప్పటి ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. ఆ తర్వాత ‘నిడర్’ వచ్చింది, .22 తూటా, బరువు 250 గ్రాములు. బూత్ పిస్తోలు బరువుకు ఇంచుమించు సమానం. చిత్తూరులోనో తిరుపతిలోనో ఈ రోజు ఎవరైనా చిన్న పిస్తోలు కొనాలా వద్దా అని ఆలోచిస్తే వాళ్ల ముందుండేవి ఇలాంటివే. తూటాలు రెండు కాక ఆరో ఎనిమిదో ఉండవచ్చు, పొట్టి గొట్టం లెక్కలన్నీ మాత్రం అలాగే ఉంటాయి.

‘సరే, గురి సంగతి వదిలేయండి, చేయి దూరంలో మీదపడ్డప్పుడే కదా దాని అవసరం’ అనవచ్చు. అప్పుడు లెక్క అంగుళాల నుంచి సెకన్లలోకి మారుతుంది. 1983లో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ ఒక చిన్న పరీక్ష చేశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొస్తే మీద పడడానికి పట్టే సమయం సుమారు సెకనున్నర. తర్ఫీదు పొందిన పోలీసు ఒరలోంచి తుపాకీ తీసి పేల్చడానికి పట్టే సమయమూ ఇంచుమించు అంతే. ఆ పోలీసుకు ఎదుటివాడు దాడి చేస్తాడని ముందే తెలుసు. తుపాకీ నడుం మీద పైకే ఉంది. జేబు అడుగునుంచో, హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి కిందనుంచో తీయాల్సినవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

చిత్తూరు వాళ్లకు ఈ సెకన్ల లెక్క పుస్తకాల్లో చదవాల్సినది కాదు. 2015 నవంబరు 17న నగరపాలక సంస్థ కార్యాలయంలోకి కొందరు బురఖాలు వేసుకుని వచ్చి మేయర్ కటారి అనురాధను దగ్గరనుంచి కాల్చి చంపారు. కత్తుల దాడిలో గాయపడ్డ ఆమె భర్త మోహన్ కూడా ఆస్పత్రిలో ప్రాణాలు విడిచారు. దాదాపు పదేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో, చిత్తూరు కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. పట్టపగలు, మనుషులు తిరిగే ఆఫీసులో, దాచి తెచ్చిన చిన్న ఆయుధానికి ఎటువైపు మొగ్గు ఉంటుందో ఈ కేసు చూపిస్తుంది. వచ్చేవాడికి తాను ఎందుకొచ్చాడో తెలుసు, కూర్చున్నవాళ్లకు తెలియదు. సొరుగులో పిస్తోలు ఉన్నా ఆ తేడా చెరగదు. ఇంకో పక్క తిరుపతిలో 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర మందుపాతరలు పేలినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు చుట్టూ రాష్ట్రంలోకెల్లా ఎక్కువ తుపాకులు ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ పని పడలేదు. ఆయనకు అడ్డుగా నిలిచింది బులెట్ ప్రూఫ్ కారు ఇనుము. ముందే వేసుకున్న ప్రణాళికతో జరిగే దాడిలో చేతి ఆయుధం కన్నా తలుపు, గోడ, తనిఖీ ఎక్కువ పని చేస్తాయి. అవి మనం చూస్తున్నా చూడకపోయినా పని చేస్తూనే ఉంటాయి కనుక.

ఇక్కడ తుపాకీ పక్షం వాళ్ల బలమైన అభ్యంతరం ఒకటుంది. తుపాకీ పేలనక్కర్లేదు, ఉందన్న భయమే దాడిని ఆపుతుంది, ఆగిపోయిన దాడులు ఏ లెక్కలోనూ కనిపించవు. కాదనలేని మాట. అయితే ఈ వాదన పొడుగు తుపాకీకి సరిపోయినట్టు డెరింజర్‌కు సరిపోదు. భయపెట్టేది కనబడాలి. ఫలానా రెడ్డిగారింట్లో జోడుగొట్టం తుపాకీ ఉందని ఊరంతా చెప్పుకుంటే దొంగ ఆ వీధి మానేయవచ్చు. డెరింజర్ గొప్పతనమంతా కనబడకపోవడంలో ఉంది. ఉన్నట్టు తెలియని ఆయుధానికి ఎవడు భయపడతాడు? తెలిసేలా చేస్తే దాచుకోగల సౌకర్యం పోతుంది, పైగా దాన్ని ఎత్తుకుపోవాలన్న ఆశ దొంగకు పుడుతుంది. దాచడం, బెదిరించడం రెండూ ఒకే ఆయుధం నుంచి ఒకేసారి రావు. చిన్న పిస్తోలు కొనేవాళ్లు రెండూ వస్తాయనుకునే కొంటారు.

ఇప్పుడు అసలు లెక్క. ఒక పిస్తోలు ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంటే 7,300 రోజులు ఉన్నట్టు. అందులో దాడి జరిగే నిమిషం బహుశా ఒక్కటి, చాలా ఇళ్లలో ఒక్కటీ ఉండదు. మిగతా రోజుల్లో అది ఏం చేస్తుంది? ఆర్థర్ కెల్లర్మన్, డొనాల్డ్ రే 1986లో అమెరికాలోని కింగ్ కౌంటీలో, తుపాకీ ఉంచుకున్న ఇంట్లోనే తుపాకీ వల్ల జరిగిన 398 మరణాలను వర్గీకరించారు. ఆత్మరక్షణలో జరిగిన చావు ఒకటైతే, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు కలిపి 43. అందులో 37 ఆత్మహత్యలే. ఈ పద్ధతి మీద విమర్శలు వచ్చాయి. దొంగను చంపకుండా తరిమేసిన సందర్భాలు ఇందులో లేవన్నది మొదటిది, ముందే ప్రమాదంలో ఉన్నవాళ్లే తుపాకీ కొంటారేమో అన్నది రెండోది. మొదటి విమర్శ న్యాయమైనదే. రెండోదానికి తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు కొంత జవాబు చెప్పాయి. డేవిడ్ స్టడర్ట్ బృందం కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2020లో చెప్పినదేమంటే, తుపాకీతో ఆత్మహత్య రేటు, సొంత చేతితుపాకీ లేని మగవాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో సుమారు 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు. 2022లో అదే బృందం తుపాకీ సొంతదారుతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్లను చూసింది. హత్యకు గురికావడం తుపాకీ లేని ఇళ్లలో కన్నా రెట్టింపు. భర్త లేదా సహచరుడి చేతిలో కాల్పులకు చనిపోవడం ఏడు రెట్లు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. ‘నిర్భీక్’ను ఆడవాళ్ల ఆయుధమన్నప్పుడు కళ్లముందు మెదిలే బొమ్మ చీకటి వీధి. ఈ అంకెలు చూపిస్తున్నది ఇంటి లోపలి గది.

అమెరికా లెక్కలు చిత్తూరుకు ఎలా వర్తిస్తాయని అడగడం సబబే. ఉన్నపళంగా వర్తించవు. 2016 చివరికి దేశం మొత్తం మీద లైసెన్సులు 33 లక్షల పైచిలుకు, అందులో 12 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌వి, కాబట్టి మన ఇళ్లలో తుపాకీ అరుదు. కానీ ఈ అంకెల వెనకున్న కారణం అమెరికాది కాదు, మనిషిది. క్షణికావేశం సాధారణంగా కొద్ది సేపట్లో చల్లారుతుంది. ఆ కొద్ది సేపట్లో చేతికందేది ఏమిటన్నదాన్ని బట్టి మనిషి బతకడం, పోవడం ఉంటుంది. రాయలసీమలో అలా చేతికందేది పురుగుమందు డబ్బా. శ్రీలంకలో 1990ల మధ్యలో ఆత్మహత్యల రేటు ప్రపంచంలో బాగా హెచ్చైనవాటిలో ఒకటిగా ఉండేది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించాక ఆ రేటు మూడింట రెండు వంతులకు మించి పడిపోయింది. అప్పులూ కరువూ ఇంటి తగాదాలూ పోలేదు, చేతికందే దూరం మారింది. పొలంలో కొట్టే మందు ఇంటి మూల ఉండడమే ఇంత తేడా తెచ్చినప్పుడు, దిండు కింద పట్టే తుపాకీ అంతకన్నా తక్కువ తేడా తేదు. పొడుగు తుపాకీ గొలుసు వేసి తాళం పెట్టగలిగిన వస్తువు. చిన్నదాన్ని తాళం వేసి పెడితే, కొన్న కారణమే వృథా అనిపిస్తుంది. ఆ తాళమే అన్నిటికన్నా ముందు తీసేస్తారు.

మిగిలింది రాజకీయ అభ్యంతరం. దుర్మార్గుల దగ్గర లైసెన్సు లేని తుపాకులుంటాయి, మర్యాదస్తుణ్ని మాత్రం చట్టం కట్టేస్తుంది. ఈ గోడుకు మన దగ్గర చరిత్ర బలం కూడా ఉంది. 1804-05లో చిత్తూరు పాలెగాళ్లను అణిచాక ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఈ సీమలో ఆయుధాలు ఊడబెరకడమే పరిపాలన అనుకున్నారు. 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు పెట్టి యూరోపియన్‌కు మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం గుర్తుండబట్టే 1931 కరాచీ కాంగ్రెస్, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండటం ప్రతి పౌరుడి హక్కని తీర్మానించింది. హక్కు గురించిన వాదనగా అది నిలుస్తుంది. భద్రత గురించిన వాదనగా నిలబడాలంటే ఇంకో మాట రుజువు కావాలి: ఎదుటివాడి దగ్గర తుపాకీ ఉన్నప్పుడు నా జేబులోని రెండు తూటాలు నన్ను కాపాడతాయని. సెకన్ల లెక్క దానికి ఒప్పుకోదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా పాత శిక్షాస్మృతి లాగే ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది, అవసరానికి మించిన హాని చేయకూడదన్న షరతు పెడుతుంది. చీకట్లో, సెకనున్నరలో, ఏది అవసరం ఏది మించినదో తేల్చాల్సింది పిస్తోలు పట్టినవాళ్లే.

ఇక ఈ ఊళ్లలో బతికే మనిషి దినచర్య చూద్దాం. తిరుమల కొండకు వెళ్లాలంటే అలిపిరి తనిఖీ దగ్గర ఆయుధం ఆగిపోవాల్సిందే. రేణిగుంటలో విమానం ఎక్కాలంటే అది జేబులో ఉండకూడదు. కోర్టుకీ కలెక్టరాఫీసుకీ తీసుకుపోయే వస్తువు కాదు. పల్లెల్లో నిజంగా కక్షలు రాజుకునే కాలం ఎన్నికల కాలం, అప్పుడే ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం లైసెన్సు తుపాకులను అప్పజెప్పమని స్టేషన్ నుంచి కబురు వస్తుంది. సొంతదారు వెళ్లి పిస్తోలు బల్ల మీద పెడతాడు, తూటాలు లెక్కపెట్టి ఇస్తాడు, కానిస్టేబులు నంబరు రాసుకుని రసీదు చేతికిస్తాడు. ఫలితాలు వచ్చి కోడ్ ఎత్తేసేదాకా లక్షా ఇరవై వేల రివాల్వర్ స్టేషన్ గదిలో తాళం కింద ఉంటుంది. ఆ కొద్ది వారాలూ జేబులో ఉండేది ఆ రసీదే.